ఇల్లు, వర్క్‌షాపు కలిపి వేడి చేయడానికి ఆరుబయట కట్టెల బాయిలర్: ఎంత సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి?

రంపపుపొట్టు

అందరికీ నమస్కారం. మా ఇంటికీ, పక్కనే ఉన్న వడ్రంగి వర్క్‌షాపుకూ కలిపి ఆరుబయట కట్టెల బాయిలర్ ఒకటి పెట్టించాలనుకుంటున్నాను. ఒక అమ్మకందారు మొత్తం విస్తీర్ణం అడిగి, అక్కడికక్కడే 70 కిలోవాట్లది తీసుకోమన్నారు. మరొకరు 30 చాలన్నారు. ఇద్దరిలో ఎవరూ గోడలు ఎలాంటివని గానీ, కిటికీలు ఎన్నని గానీ అడగలేదు. అందుకే ఇద్దరి మాటా నమ్మలేకపోతున్నాను.

ఇల్లు 10 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవుతో రెండు అంతస్తులది, మొత్తం 220 చదరపు మీటర్లు. గోడలు 230 మిల్లీమీటర్ల ఇటుక గోడలు, వాటికి ఇన్సులేషన్ ఏమీ లేదు. కిటికీలు, తలుపులు కలిపి 32 చదరపు మీటర్లు ఉంటాయి, కిటికీలకు రెండు పొరల అద్దాలున్నాయి. పైకప్పు లోపల కొంత ఇన్సులేషన్ ఉంది. వర్క్‌షాపు 8 మీటర్లు, 10 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. గోడలు ఇటుకవి, పైన వట్టి రేకులు. ఇంట్లో 20 డిగ్రీలు, వర్క్‌షాపులో 12 డిగ్రీలు ఉంటే మాకు చాలు. బయట చలి తీవ్రంగా ఉన్న రాత్రుల్లో మైనస్ 15 వరకు దిగుతుంది. బాయిలర్ పెట్టదలచిన చోటు ఇంటికి 40 మీటర్ల దూరం. ఇప్పుడు ఇంటిని నూనె బాయిలర్‌తో వేడి చేస్తున్నాము. వర్క్‌షాపును ఇంతవరకు వేడి చేయలేదు.

పెద్దమంట

70 తీసుకోండి. చిన్నది కొని చలిలో వణకడం కన్నా పెద్దది కొని తగ్గించి వాడుకోవడం మేలు. రేపు ఇంకో గది కట్టినా, స్నానాల నీళ్లు దానికే కలిపినా, మళ్లీ బాయిలర్ మార్చే పని ఉండదు.

పాతకొలిమి

పెద్దమంట గారూ, కారు ఇంజను విషయంలోనైతే ఈ మాట చెల్లుతుందేమో గానీ కట్టెల బాయిలర్‌కు చెల్లదు. నూనె బాయిలర్ అవసరం తీరగానే ఆగిపోతుంది, మళ్లీ అవసరమైనప్పుడు వెలుగుతుంది. కట్టెలను అలా ఆర్పి వెలిగించలేము. నీళ్లు నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరగానే బ్లోయర్ ఆగుతుంది, గాలి డాంపర్ మూసుకుంటుంది. లోపల మాత్రం ముప్పై నలభై కిలోల కట్టెలు గాలి లేక, మండకుండా కుములుతూ ఉంటాయి. ఆ పొగలోని ఆవిరులు నీటి గోడలకు తగిలి చల్లబడి తారుగా పేరుకుంటాయి. అవసరానికి రెండు మూడు రెట్లు పెద్ద బాయిలర్లు పెట్టిన చోట్ల నేను చూసేది ఇదే. తలుపు తెరిస్తే సీలు తాడు రాయిలా గట్టిపడి ఉంటుంది, చట్రం కింది మూల నుంచి నల్లటి ద్రవం కారి సిమెంటు గచ్చు మీద మరక కట్టి ఉంటుంది, పొగగొట్టం లోపలి వ్యాసం సగానికి తగ్గి ఉంటుంది. ఆ పేరుకున్నది ఒకసారి అంటుకుంటే పొగగొట్టం అంతా మండుతుంది. తగ్గించి వాడుకోవడం అంటే ఆచరణలో ఇంతే.

పైగా తీవ్రమైన చలి ఏడాదిలో కొద్ది రోజులే ఉంటుంది. మిగతా చలికాలమంతా అవసరం గరిష్ఠంలో సగమో, అంతకన్నా తక్కువో. చలి మొదలయ్యేటప్పుడు, తగ్గేటప్పుడు అది ఐదారు కిలోవాట్లకు కూడా పడిపోతుంది. 70 కిలోవాట్ల బాయిలర్‌కు అది పదో వంతు కూడా కాదు.

ఉష్ణలెక్క

విస్తీర్ణాన్ని ఒక అంకెతో గుణించి సామర్థ్యం చెప్పే పద్ధతిని పక్కన పెడదాం. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు భవనాల మధ్య ఉష్ణ నష్టం నాలుగు రెట్లు తేడా ఉండవచ్చు. రంపపుపొట్టు గారు ఇచ్చిన కొలతలతోనే లెక్క వేద్దాం.

ప్రతి ఉపరితలానికీ ఒక యూ-విలువ ఉంటుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు బయటికి పోతాయో అది చెబుతుంది. దాన్ని విస్తీర్ణంతో గుణిస్తే ఆ భాగం నుంచి డిగ్రీకి పోయే వేడి తెలుస్తుంది. ఇన్సులేషన్ లేని 230 మిల్లీమీటర్ల ఇటుక గోడకు యూ-విలువ సుమారు 2. మీ ఇంటి గోడలు కిటికీలు తీసేయగా 195 చదరపు మీటర్లు, కాబట్టి డిగ్రీకి 390 వాట్లు. రెండు పొరల అద్దాలకు 2.8 చొప్పున వేస్తే 90 వాట్లు. పైకప్పుకు 0.4 చొప్పున 44, నేలకు 0.5 చొప్పున 55. ఇక సందుల గుండా చొరబడే గాలి. ఇంటి ఘనపరిమాణం 594 ఘనమీటర్లు. గంటకు 0.8 వంతు గాలి మారుతుందనుకుని, ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే 0.33 వాట్-గంటలతో గుణిస్తే 157 వాట్లు. అన్నీ కలిపితే డిగ్రీకి 736 వాట్లు. లోపల 20, బయట మైనస్ 15 అంటే తేడా 35 డిగ్రీలు. ఇంటి గరిష్ఠ ఉష్ణ నష్టం దాదాపు 25.8 కిలోవాట్లు.

ఇప్పుడు వర్క్‌షాపు చూడండి. తలుపులు, కిటికీలు తీసేస్తే గోడలు 124 చదరపు మీటర్లు, డిగ్రీకి 248 వాట్లు. తలుపులు, కిటికీలు 20 చదరపు మీటర్లనుకుని 4 చొప్పున వేస్తే 80. నేలకు 48. పెద్ద తలుపులు తరచూ తెరుస్తారు కాబట్టి గంటకు ఒకటిన్నర మార్లు గాలి మారుతుందనుకుంటే 158. వట్టి రేకుల కప్పుకు యూ-విలువ 6 వరకు ఉంటుంది, అంటే 80 చదరపు మీటర్లకు 480 వాట్లు. మొత్తం 1,014. తేడా 27 డిగ్రీలే అయినా నష్టం 27.4 కిలోవాట్లు. ఇంటిలో మూడో వంతు విస్తీర్ణం ఉన్న వర్క్‌షాపు, ఇంటికన్నా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, ఇంటికన్నా ఎక్కువ వేడిని మింగుతుంది. అందులో దాదాపు 13 కిలోవాట్లు ఒక్క రేకుల గుండానే పోతాయి.

రెండూ కలిపితే 53. దాని మీద కొంత చేర్చి 70 అన్నవారు గరిష్ఠం చూసి ఉండవచ్చు, 30 అన్నవారు ఇల్లు మాత్రమే చూసి ఉండవచ్చు. నా ఉద్దేశంలో బాయిలర్ సంగతి ఇప్పుడే వద్దు. రేకుల కింద 100 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేస్తే యూ-విలువ 0.4కు దిగుతుంది, 12 కిలోవాట్లు అక్కడే మిగులుతాయి. ఇంటి గోడలకు బయటి నుంచి 100 మిల్లీమీటర్లు వేస్తే మరో 11 మిగులుతాయి. అప్పుడు మొత్తం 30 దగ్గరికి వస్తుంది.

రంపపుపొట్టు

ఉష్ణలెక్క గారూ, ఇంత ఓపికగా లెక్క వేసినందుకు కృతజ్ఞతలు. రేకుల సంగతి ఊహించలేదు. కప్పు కింద ఇన్సులేషన్ ఈ చలికాలం లోపలే వేయించగలను, ఎక్కువ భాగం నేనే చేసుకుంటాను. ఇంటి గోడల పని మాత్రం ఇప్పట్లో కుదరదు. ఒక సందేహం: నూనె బాయిలర్ వాడకాన్ని బట్టి మీ లెక్కను సరిచూడవచ్చా? పోయిన చలికాలం 4,600 లీటర్ల నూనె ఖర్చయింది, స్నానాల నీళ్లు కూడా దానితోనే కాచాము.

ఉష్ణలెక్క

తప్పకుండా సరిచూడాలి. కాగితం మీది యూ-విలువల కన్నా ఖర్చయిన ఇంధనమే నమ్మదగిన సాక్ష్యం. లీటరు నూనెలో సుమారు 10 కిలోవాట్-గంటల శక్తి ఉంటుంది. మీ బాయిలర్ 80 శాతం దక్షతతో పని చేస్తుందనుకుంటే 36,800 కిలోవాట్-గంటలు లోపలికి చేరాయి. నలుగురు మనుషులు రోజుకు ఒక్కొక్కరు 50 లీటర్ల వేడి నీళ్లు వాడితే, ఆ 200 లీటర్లను 45 డిగ్రీలు వేడి చేయడానికి రోజుకు పదిన్నర కిలోవాట్-గంటలు, ఏడాదికి 3,800 అవుతుంది. అది తీసేస్తే ఇంటికి 33,000 మిగులుతుంది.

ఇక్కడ డిగ్రీ-రోజుల లెక్క అవసరం. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు ఎంత తక్కువగా ఉందో, అలాంటి తేడాలన్నీ చలికాలం పొడుగునా కూడితే వచ్చేదే ఆ అంకె. మీరు చెప్పిన చలిని బట్టి ప్రస్తుతానికి 3,000 అనుకుంటున్నాను, మీ దగ్గరి వాతావరణ కేంద్రం అంకెతో మార్చుకోండి. 3,000ను 24తో గుణిస్తే 72,000. 33,000 కిలోవాట్-గంటలను దానితో భాగిస్తే డిగ్రీకి 458 వాట్లు. ఈ లెక్కకు ఆధారం 18 డిగ్రీలు కాబట్టి మైనస్ 15కు తేడాను 33గానే తీసుకోవాలి. అంటే 15.1 కిలోవాట్లు. కాగితం లెక్కలో వచ్చినది 25.8.

ఇంత తేడాకు రెండు కారణాలు ఉండవచ్చు. ఇన్సులేషన్ లేని ఇటుక గోడలను నిజంగా కొలిచినప్పుడు చాలా చోట్ల పుస్తకాల్లో ఉన్న విలువ కన్నా తక్కువే వస్తుంది. రెండోది మీరే చెప్పాలి: ఇల్లంతా రాత్రీ పగలూ 20 డిగ్రీల దగ్గర ఉంచుతున్నారా?

రంపపుపొట్టు

లేదు. పై అంతస్తులో రెండు గదులు చలికాలమంతా మూసి ఉంచుతాము, రాత్రి పడుకునేటప్పుడు థర్మోస్టాట్ తగ్గిస్తాము. కట్టెల బాయిలర్ వస్తే ఆ గదులు కూడా వాడుకోవాలని మా ఇంట్లోవారి కోరిక.

ఉష్ణలెక్క

అయితే ఇంటికి 20 కిలోవాట్లు అనుకోవడం న్యాయం. కప్పుకు ఇన్సులేషన్ వేశాక వర్క్‌షాపుకు 15. నీళ్లకు సగటున అర కిలోవాట్. భూమిలో పైపుల నష్టం ఒక కిలోవాట్ చేరిస్తే 36 లేదా 37. ఇది అత్యంత చలి గంటల్లో, వర్క్‌షాపు కూడా వేడిగా ఉన్నప్పుడు కావలసినది.

గొట్టాలపని

పైపుల నష్టం ఒక కిలోవాట్ అన్నారు. అది కర్మాగారంలోనే ఇన్సులేషన్ నింపి, బయట నీరు చొరని తొడుగు వేసిన జంట పైపులకు మాత్రమే వర్తిస్తుంది. అలాంటి పైపులు మీటరుకు 20, 25 వాట్లకు మించి పోగొట్టుకోవు. చవకగా దొరుకుతుందని ప్లాస్టిక్ పైపులకు నురుగు చుట్టి, ముడతల గొట్టంలో దూర్చి పాతిపెట్టేవారు ఉన్నారు. వాన నీరు ఆ గొట్టంలోకి చేరిన రోజు నుంచి ఆ ఇన్సులేషన్ ఉన్నా లేనట్టే. 40 మీటర్లలో మూడు నాలుగు కిలోవాట్లు మట్టికే పోతాయి, వేసవిలో నీళ్లు కాచుకున్నా పోతూనే ఉంటాయి. మంచు పడిన మర్నాడు కందకం పొడుగునా మంచు కరిగి గీత కనిపిస్తే ఆ ఇంటివారు నేలను వేడి చేస్తున్నారన్నమాట.

పెద్దమంట

లెక్కలన్నీ బాగున్నాయి గానీ బాయిలర్ కంపెనీవారు రాసే సామర్థ్యం ఎప్పుడూ వస్తుందా? 37 కావాలంటే 37 రాసి ఉన్నది కొంటే సరిపోతుందా? ఆ అనుమానంతోనే నేను పెద్దది తీసుకోమన్నాను.

పాతకొలిమి

ఇది మంచి ప్రశ్న. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఆరుబయట బాయిలర్ల మీద రాసే అంకె తరచుగా మంట పూర్తిగా అందుకున్న కొద్ది సేపు వచ్చే గరిష్ఠం. కట్టెలు వేసిన మొదటి గంటలోనూ, బొగ్గులు మిగిలిన చివరి గంటల్లోనూ అంత రాదు. కాబట్టి చూడవలసింది ఒక్క నింపుడుతో ఎన్ని గంటల పాటు, సగటున ఎంత ఇస్తుందో. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ధ్రువీకరించిన బాయిలర్ల జాబితాలో ఎనిమిది గంటల సగటు సామర్థ్యాన్ని విడిగా చూపించేది ఇందుకే. ఆ సంస్థ 2015లో తెచ్చిన నిబంధనల రెండో దశ 2020లో అమలులోకి వచ్చింది. పరీక్షలో బాయిలర్‌ను పూర్తి సామర్థ్యం దగ్గరే కాక, 15 శాతం కన్నా తక్కువ అవసరం ఉన్నప్పుడు కూడా మండించి పొగను కొలుస్తారు. ఐరోపాలో ఈఎన్ 303-5 ప్రమాణం 500 కిలోవాట్ల లోపు ఘన ఇంధన బాయిలర్లకు వర్తిస్తుంది. పరీక్షా పత్రం చూపించలేని బాయిలర్ మీద ఏ అంకె రాసి ఉన్నా నేను లెక్కలోకి తీసుకోను.

మీ అంతట మీరు అంచనా వేసుకునే దారి కూడా ఉంది. అమెరికా పరీక్షల్లో ఫైర్‌బాక్స్‌లో, అంటే కట్టెలు మండే గదిలో, ఘనమీటరుకు సుమారు 160 కిలోల కట్టెలు వేస్తారు. 200 లీటర్ల ఫైర్‌బాక్స్ అంటే 32 కిలోలు. కిలో ఎండు కట్టెలో 4 కిలోవాట్-గంటలు ఉంటాయి, 75 శాతం దక్షతతో 3 నీళ్లలోకి చేరుతాయి. అంటే ఒక్క నింపుడుకు 96 కిలోవాట్-గంటలు. దాన్ని ఎనిమిది గంటలకు పంచితే 12 కిలోవాట్లు మాత్రమే. తలుపు మీద 40 అని రాసి ఉన్నా ఇంతే. చేయి తిరిగినవారు దగ్గర దగ్గరగా పేర్చి ఇంకొంత ఎక్కువ పట్టించవచ్చు, కానీ లెక్కకు మాత్రం పరీక్షలో వేసే బరువే తీసుకోండి.

రంపపుపొట్టు

అయితే ఎనిమిది గంటలకు 37 కిలోవాట్లు కావాలంటే ఫైర్‌బాక్స్ మూడు రెట్లు ఉండాలా?

పాతకొలిమి

అలా కొంటే మళ్లీ 70 కిలోవాట్ల దగ్గరికే వెళ్తారు. నింపుడుల మధ్య వేడిని కట్టెల్లో దాచుకోవడం ఒక దారి, వేడి నీళ్లలో దాచుకోవడం మరొక దారి. కట్టెల్లో దాచాలంటే మంటను నొక్కిపెట్టాలి, దాని ఫలితం పైన చెప్పాను. నీళ్లలో దాచాలంటే బాయిలర్‌ను ఎప్పుడూ పూర్తి మంట మీదే మండనిచ్చి, ఇంటికి అక్కరలేని వేడిని ఇన్సులేషన్ ఉన్న నిల్వ ట్యాంకులోకి పంపాలి. గ్యాసిఫికేషన్ బాయిలర్ అయితే ఈ పద్ధతిలోనే దాని విలువ తెలుస్తుంది. కట్టెల నుంచి వచ్చే వాయువులు కింది గదిలో చాలా ఎక్కువ వేడి మీద మండుతాయి, అది కుమిలే మంటలో జరగని పని.

ఉష్ణలెక్క

ట్యాంకు లెక్క కూడా ఇక్కడే పెడుతున్నాను. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1.163 వాట్-గంటలు పడుతుంది. 2,000 లీటర్ల ట్యాంకును 85 డిగ్రీల నుంచి 55 వరకు వాడుకుంటే దాదాపు 70 కిలోవాట్-గంటలు వస్తాయి. సగటు చలి రోజున మీకు 14 కిలోవాట్లు కావాలనుకుంటే అది ఐదు గంటలకు సరిపోతుంది. అదే ట్యాంకు, నేల కింద పైపులు వేసిన ఇంట్లో 35 డిగ్రీల వరకు పనికి వస్తుంది కాబట్టి 116 కిలోవాట్-గంటలు ఇస్తుంది. రంపపుపొట్టు గారూ, మీవి రేడియేటర్లా? ఎంత వేడి నీళ్లు వాటికి కావాలి?

ఈఎన్ 303-5లో ట్యాంకుకు ఒక సూత్రం ఉంది. మండే గంటలను, కిలోవాట్లను, 15ను గుణించి, దాని నుంచి భవనం అవసరానికీ బాయిలర్ కనిష్ఠ సామర్థ్యానికీ ఉన్న నిష్పత్తిని బట్టి 30 శాతం వరకు తగ్గిస్తారు. 35 కిలోవాట్ల బాయిలర్ నాలుగు గంటలు మండుతుందనుకుంటే 2,100 లీటర్లు, బాయిలర్ కనిష్ఠ సామర్థ్యం, భవనం అవసరం రెండూ 35 అయితే 1,470 లీటర్ల వరకు తగ్గించవచ్చు. జర్మనీ నిబంధనల ప్రకారం చేత్తో కట్టెలు వేసే బాయిలర్‌కు కిలోవాట్‌కు కనీసం 55 లీటర్లు ఉండాలి, ఆ లెక్కన 1,925. ఎలా చూసినా 2,000 లీటర్లకు అటూ ఇటూ వస్తుంది.

రంపపుపొట్టు

ఇంట్లో పాత ఇనుప రేడియేటర్లు, పెద్దవి. ఒక చలి రోజున నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉంచి చూస్తే కూడా గదులు వెచ్చగానే ఉన్నాయి. వర్క్‌షాపులో ఫ్యానుతో వేడి గాలి ఊదే యూనిట్ పెట్టాలనుకుంటున్నాను.

గొట్టాలపని

ఆ ఫ్యాను యూనిట్ సామర్థ్యాన్ని సాధారణంగా 80 డిగ్రీల నీళ్లకు రాస్తారు. మీరు 60 పంపితే అది ఇచ్చే వేడి బాగా పడిపోతుంది. కొనేటప్పుడు 60 డిగ్రీల నీళ్లకు, 12 డిగ్రీల గాలికి ఎంత ఇస్తుందో అడిగి, అవసరమైతే ఒక మెట్టు పెద్దది తీసుకోండి. పెద్దది కొనడం మంచిదనే మాట ఇక్కడ మాత్రం నిజం.

ఇంకొక విషయం ఎవరూ ఎత్తలేదు. బాయిలర్‌కు తిరిగి వచ్చే నీరు 55, 60 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే, బాయిలర్ సరైన పరిమాణంలో ఉన్నా లోపలి గోడలు చెమర్చి తుప్పు పడతాయి. తిరిగి వచ్చే నీటిలో వేడి నీళ్లు కలిపే మిశ్రమ వాల్వు, 60 డిగ్రీలకు పెట్టినది, తిరుగు పైపు మీద తప్పనిసరి. మీ వర్క్‌షాపు ఉదయం చల్లగా ఉండి ఒక్కసారిగా వేడి అడిగినప్పుడు దీని అవసరం తెలుస్తుంది.

ఎండుకట్టె

సామర్థ్యం గురించి ఇంత మాట్లాడుకున్నారు, కానీ ఆ లెక్కలన్నీ 20 శాతం తేమ ఉన్న కట్టెలకే నిలుస్తాయి. అప్పుడే నరికిన కట్టెలో బరువులో సగం నీరే ఉంటుంది. అలాంటి కిలోలో దొరికేది 2.2 కిలోవాట్-గంటలు, ఎండు కట్టెలో దొరికే 4 కాదు. పచ్చి కట్టెలు వేసే ఇంట్లో 37 కిలోవాట్ల బాయిలర్ 20 కూడా ఇవ్వదు, అప్పుడు బాయిలర్ చిన్నదైందని నింద పడుతుంది.

తేమను కొలిచే మీటరు కొంటే ఒక జాగ్రత్త అవసరం. చాలా మీటర్లు ఎండు కట్టె బరువును ఆధారంగా చేసుకుని చూపిస్తాయి. మీటరులో 25 కనిపిస్తే, మొత్తం బరువులో తేమ 20 శాతమని అర్థం. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద కొలవాలి. బయటి చివర మీద కొలిస్తే ఎప్పుడూ పొడిగానే కనిపిస్తుంది.

రోజుకు ఎంత కట్టె పడుతుందో కూడా ముందే చూసుకోండి. సగటు చలి రోజున 14 కిలోవాట్లంటే 336 కిలోవాట్-గంటలు, అంటే 112 కిలోలు. మూసి ఉన్న గదులు కూడా వాడితే గరిష్ఠం 20 కిలోవాట్ల లెక్కన ఇంటికి మాత్రమే ఏడాదికి 44,000 కిలోవాట్-గంటలు, 15 టన్నులకు దగ్గర. పేర్చిన ఘనమీటరుకు 400 కిలోలనుకుంటే 36 ఘనమీటర్ల పైమాటే. వర్క్‌షాపుకు ఇంకా అదనం. అవి ఆరడానికి ఒకటి రెండు వేసవులు పడుతుంది కాబట్టి, అంతకు రెట్టింపు కట్టె కప్పు కింద పేర్చడానికి చోటు కావాలి. చాలామంది బాయిలర్‌కు చోటు చూసుకుంటారు గానీ కట్టెలకు చూసుకోరు.

మీ వర్క్‌షాపు ముక్కలు మాత్రం మంచివే. బాగా ఎండినవి, సన్నవి కాబట్టి వాటితోనే ఫైర్‌బాక్స్ నింపితే మంట ఒక్కసారిగా లేచి నీళ్లు మరుగుతాయి, దుంగల మధ్య కొద్దికొద్దిగా వేయండి. ప్లైవుడ్, ఎండీఎఫ్, రంగు వేసిన కలప మాత్రం దానిలో వేయకండి.

పెద్దమంట

సరే, అంకెలు చూశాక 70 ఎక్కువేనని ఒప్పుకుంటున్నాను. కానీ మైనస్ 15 కన్నా చలి దిగితే?

ఉష్ణలెక్క

నూనె బాయిలర్‌ను తీసేయకుండా ఉంచితే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. కట్టెల బాయిలర్ గరిష్ఠ అవసరంలో 80 శాతం ఇచ్చినా చాలు, చలికాలంలో అధిక భాగం గంటలకు అది సరిపోతుంది. మిగతా కొద్ది గంటలు నూనె బాయిలర్ చూసుకుంటుంది. మనిషి ఊరికి వెళ్లినప్పుడు, ఒంట్లో బాగా లేనప్పుడు కట్టెలు వేసేవారు ఉండరు కాబట్టి కూడా అది ఉండాలి. ఆ లెక్కన మీకు నిజమైన ఎంపిక 30, 35 మధ్య ఉంటుంది. ఎప్పటికైనా ఇంటి గోడలకు ఇన్సులేషన్ వేస్తారనుకుంటే 30 వైపే మొగ్గుతాను.

గొట్టాలపని

కరెంటు పోయినప్పుడు సంగతి కూడా ఆలోచించుకోండి. పంపు ఆగితే ఫైర్‌బాక్స్ నిండా మండుతున్న కట్టెల వేడి ఎటూ పోదు. గాలికి తెరిచి ఉన్న వ్యవస్థ అయితే నీరు మరిగి ఆవిరిగా పోతుంది, మూసి ఉన్న పీడన వ్యవస్థ అయితే భద్రతా వాల్వు, వేడిని బయటికి పంపే అత్యవసర ఏర్పాటు ఉండి తీరాలి. పంపుకు సరిపడా బ్యాటరీ పెట్టుకుంటే మంచిది.

రంపపుపొట్టు

అందరికీ కృతజ్ఞతలు. ముందు వర్క్‌షాపు కప్పుకు 100 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేయిస్తాను. పరీక్షా పత్రం ఉన్న 35 కిలోవాట్ల గ్యాసిఫికేషన్ బాయిలర్, 2,000 లీటర్ల ట్యాంకు తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. 30 కాక 35 అనుకోవడానికి కారణం మూసి ఉన్న గదులే, గోడల పని ఎప్పుడవుతుందో తెలియకపోవడం కూడా. నూనె బాయిలర్ అలాగే ఉంటుంది. ట్యాంకు ఇంటి లోపల, మెట్ల కింద పడుతుంది, కాబట్టి దాని నుంచి పోయే వేడి కూడా ఇంట్లోనే ఉంటుంది. చివరి ప్రశ్న: 40 మీటర్లకు ఎంత వ్యాసం పైపు వేయాలి?

గొట్టాలపని

35 కిలోవాట్లను 20 డిగ్రీల తేడాతో పంపాలంటే గంటకు సుమారు 1,500 లీటర్లు ప్రవహించాలి. బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లున్న ప్లాస్టిక్ పైపులో అది పట్టదని కాదు, కానీ పోనూ రానూ 80 మీటర్ల ఘర్షణకు పెద్ద పంపు కావాలి, అది చలికాలమంతా కరెంటు తింటుంది. 40 మిల్లీమీటర్లది వేయండి. అప్పుడు నీటి వేగం సెకనుకు అర మీటరు దగ్గర ఉంటుంది, చిన్న పంపుతో సరిపోతుంది, 10 డిగ్రీల తేడాతో నడపవలసి వచ్చినా ఇబ్బంది పడరు. గడ్డకట్టకుండా నీళ్లలో గ్లైకాల్ కలిపితే అది మోసే వేడి సుమారు పదో వంతు తగ్గుతుంది, ప్రవాహం ఆ మేరకు పెంచాలి.

కందకం పూడ్చే ముందు పైపులను నీటి పీడనంతో ఒక రాత్రంతా ఉంచి చూడండి. అదే కందకంలో వైర్ల కోసం ఒక ఖాళీ గొట్టం కూడా వేయండి, పంపుకూ ఉష్ణోగ్రత సెన్సారుకూ తరువాత మళ్లీ తవ్వే పని ఉండదు.